క్వీన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఒక్కటి వింటే క్వీన్‌ను విన్నట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బ్రిటన్ రాక్ బ్యాండ్ క్వీన్‌వి ఇన్నాళ్లూ 1981 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’ మాత్రమే విన్నారు, బాగా నచ్చింది. అభిమానుల మాటలు చదివితే కొందరు వాళ్ల ఆల్బమ్‌లన్నిటిలోకీ అదే గొప్పదంటున్నారు, కొందరు అది విని క్వీన్ తెలుసనుకుంటే పొరపాటంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలి, ఏ ప్రతి కొనాలి, ఆ తర్వాత ఏది వినాలి?

కేసెట్ల కాలం నుంచి ఈ బ్యాండ్‌ను వింటున్నాను, ఈ ఒక్క డిస్కు మీద స్నేహితులతో గంటల తరబడి వాదించాను కూడా. అందుకని కాస్త వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ డిస్కు మంచిదే, అందులో వినిపించే క్వీన్ నిజమైన క్వీనే. కాకపోతే ఆ పాటల్ని ఏరడానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే ఎవరు బయట మిగిలిపోయారో తెలుస్తుంది. అది తెలిశాక తర్వాత ఏది వినాలన్న ప్రశ్నకు జవాబు మీకే దొరుకుతుంది.

ఆ లెక్క ఇది. ‘గ్రేటెస్ట్ హిట్స్’ బ్రిటన్‌లో 1981 అక్టోబరు చివర్లో వచ్చింది. మొత్తం 17 పాటలు. ‘బొహీమియన్ రాప్సొడీ’తో మొదలై ‘వి ఆర్ ది ఛాంపియన్స్’తో ముగుస్తుంది. అప్పటికి క్వీన్ తొమ్మిది స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. వాటిలోంచి సింగిల్స్‌గా, అంటే విడిగా అమ్మే చిన్న రికార్డులుగా వచ్చి బ్రిటన్ చార్టులో మొదటి ఇరవై స్థానాల్లోకి ఎక్కిన ప్రతి పాటా ఈ డిస్కులో ఉంది. ఎక్కనిది ఒక్కటి కూడా లేదు. ‘వి విల్ రాక్ యు’ ఒక్కటే ‘ఛాంపియన్స్’ సింగిల్‌కు రెండో వైపు పాటగా దానితో పాటు వచ్చింది. ‘గుడ్ ఓల్డ్ ఫ్యాషన్డ్ లవర్ బాయ్’ నాలుగు పాటల చిన్న రికార్డు (ఈపీ)లో భాగంగా వచ్చి 17వ స్థానం దాకా వెళ్లింది కాబట్టి ఉంది. ‘టై యువర్ మదర్ డౌన్’ 31 దగ్గర ఆగిపోయింది, లేదు. ‘స్ప్రెడ్ యువర్ వింగ్స్’ 34, లేదు. 1973లో వచ్చిన మొట్టమొదటి సింగిల్ ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’ చార్టు మొహమే చూడలేదు, అదీ లేదు.

అభిమానులు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ ఎందుకు లేదని. కచేరీల్లో గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ పాడటం ఆపేసి జనం చేత పాడించిన పాట అది. దక్షిణ అమెరికాలో వేల గొంతులు దాన్ని మొదటి నుంచి చివరి దాకా పాడేవి. కానీ బ్రిటన్‌లో దాని కచేరీ రికార్డింగును 1979లో సింగిల్‌గా వేస్తే 63వ స్థానానికి వచ్చి ఆగింది. లెక్కలో పడలేదు. దాన్ని ఎవరో కావాలని పక్కన పెట్టారని కోప్పడటానికి ఇక్కడ ఏమీ లేదు.

ఇదే లెక్క వల్ల ‘ఫ్లాష్’ లోపలికి వచ్చింది. 1980 నాటి ‘ఫ్లాష్ గార్డన్’ సినిమా కోసం గిటారిస్టు బ్రయాన్ మే కట్టిన పాట, సింగిల్‌లో సినిమా డైలాగులు కూడా కలిపారు. పదో స్థానం వచ్చింది కాబట్టి హక్కుగా కూర్చుంది. ఈ పాట విషయంలో అభిమానుల ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. ‘ప్లే ది గేమ్’ లాంటి మెత్తని పాటకీ ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ పియానో పరుగుకీ మధ్య ఆ సినిమా సంభాషణలు వినేవాడి ధ్యాస చెదరగొడతాయి. ఆ చోట ‘టై యువర్ మదర్ డౌన్’ ఉంటే ఆ వైపు మొత్తం నిలబడేది.

ఇక పాటల వరస. కాలక్రమం పాటించలేదన్నది పాత అభిమానుల రెండో ఫిర్యాదు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఈ డిస్కు సంకలనంలా కాకుండా ఆల్బమ్‌లా వినిపించడానికి కారణం ఆ వరసే. మొదటి రెండు పాటల మధ్య ఏం జరుగుతోందో ఒకసారి చెవిపెట్టి వినండి. ‘బొహీమియన్ రాప్సొడీ’ 1975 నాటిది. మెర్క్యురీ, మే, డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ ముగ్గురూ తమ గొంతుల్ని మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, టేపు మీద ఇక చోటు మిగలనంతగా నింపారు. దాదాపు ఆరు నిమిషాల ఆ జాతరంతా అయ్యాక పియానో సన్నబడుతుంది, గంట మోగుతుంది, నిశ్శబ్దం. అప్పుడు జాన్ డీకన్ బేస్ గిటారు. ఒకే స్వరం మీద మూడు దెబ్బలు. ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ అది, 1980లో మ్యూనిక్‌లో మాక్ అనే ఇంజనీరుతో కలిసి చేసిన పాట. ప్రతిధ్వని లేని పొడి డ్రమ్ములు, వాటి చుట్టూ బోలెడంత ఖాళీ. మొదటి పాటలో చోటంతా నింపిన బ్యాండే రెండో పాటలో చోటంతా ఖాళీ చేసింది. మధ్యలో గడిచిన ఐదేళ్లను దాటేసి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడం వల్లే ఈ నలుగురి చేతిలో ఎన్ని విద్యలున్నాయో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. కాలక్రమంలో పెడితే ఈ దెబ్బ దొరికేది కాదు.

‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’, ‘బైసికిల్ రేస్’ పాటల్ని చూడండి. మొదటిది మే రాసింది, రెండోది మెర్క్యురీ రాసింది. రెండూ 1978లో ఒకే సింగిల్‌కు రెండు వైపులా వచ్చాయి, ఒక పాటలో రెండోదాని ప్రస్తావన ఉంటుంది. అసలు ఆల్బమ్ ‘జాజ్’లో వీటి మధ్య ‘జెలసీ’ అనే పాట అడ్డం వచ్చింది. ‘గ్రేటెస్ట్ హిట్స్’లో రెండూ పక్కపక్కన కుదిరాయి. ఇది సంకలనం సరిదిద్దిన చోటు.

చివరి జంట సంగతి ఇంకా బాగుంటుంది. ‘వి విల్ రాక్ యు’, ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ అనగానే ముగింపు పాటలని మనకు నాటుకుపోయింది. కచేరీల్లోనూ చివరికే పాడేవారు, ఈ డిస్కులోనూ చివరే. కానీ 1977 నాటి ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ ఆల్బమ్‌లో అవి మొదటి రెండు పాటలు. మిగతా ఆల్బమ్ అంతా వాటి తర్వాతే వస్తుంది. ‘వి విల్ రాక్ యు’లో డ్రమ్ములు లేవు, బేస్ లేదు. కాళ్ల దరువు, చప్పట్లు, ఫ్రెడీ గొంతు, చివర్న మాత్రం మే గిటారు. మే భౌతికశాస్త్రం చదివినవాడు. ఆ చప్పట్లు పెద్ద గుంపు కొట్టినట్టు వినబడాలి కానీ గుహలో ప్రతిధ్వనిలా ఉండకూడదని, ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో ఉండే ఆలస్యాలతో వాటిని పదే పదే కలిపానని తనే చెప్పాడు. కొద్దిమంది స్టూడియోలో చేసిన చప్పుడు స్టేడియంలా వినిపించడం వెనక ఉన్న లెక్క ఇది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చప్పట్లు వెడల్పుగా పరుచుకోవడం తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 17 పాటలూ ఎవరెవరు రాశారో లెక్కపెట్టండి. ఫ్రెడీ మెర్క్యురీవి పది. బ్రయాన్ మేవి ఐదు. జాన్ డీకన్‌వి రెండు. రోజర్ టేలర్‌ది ఒక్కటి కూడా లేదు.

నలుగురూ పాటలు రాసే బ్యాండ్ అని క్వీన్‌కు పేరు. అలాంటి బ్యాండ్ హిట్స్ డిస్కులో నాలుగో మనిషి రాసిన పాట సున్నా. కారణం మళ్లీ అదే లెక్క: అప్పటికి బ్రిటన్‌లో అతని పాట దేన్నీ సింగిల్‌కు మొదటి వైపు వెయ్యలేదు. వినడానికైతే అతను డిస్కంతా ఉన్నాడు. డ్రమ్ములు సరే, ‘బొహీమియన్ రాప్సొడీ’ ఒపేరా భాగం చివర అందరికంటే పైకి, ఆడగొంతేమో అనిపించే ఎత్తుకు వెళ్లే గొంతు రోజర్‌దే. కానీ పాటకర్తగా రోజర్ ఎలా ఉంటాడో ఈ డిస్కు మాత్రమే విన్నవాళ్లకు బొత్తిగా తెలియదు. నా దృష్టిలో ఈ సంకలనంలో ఉన్న పెద్ద లోటు ఇదే. అభిమానుల వాదనల్లో మాత్రం దీని ప్రస్తావన తక్కువ. అందరూ తమకిష్టమైన పాట ఎందుకు లేదని అడుగుతారు, ఏ మనిషి లేడో అడగరు.

నేను ఆల్బమ్‌లన్నీ వరసగా విన్నప్పుడు గమనించిన సంగతొకటి చెబుతాను. ఈ హిట్లు అసలు ఆల్బమ్‌లలో ఎక్కడున్నాయో వెతకండి, ప్రతిదానికీ ముందు పాట, తర్వాతి పాట ఏమిటో చూడండి. ‘ఫ్లాష్ గార్డన్’ సినిమా సంగీతాన్ని పక్కన పెడితే, 16 పాటల్లో ఏడింటికి ఆనుకుని రోజర్ పాట ఉంది.

‘కిల్లర్ క్వీన్’ అయిపోగానే, 1974 నాటి ‘షీర్ హార్ట్ అటాక్’ ఆల్బమ్‌లో, ‘టెనెమెంట్ ఫన్‌స్టర్’ మొదలవుతుంది. రోజర్ రాసి తనే పాడిన పాట. ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉండే కుర్రాడు, ఊదారంగు బూట్లు, పక్కింటివాళ్ల చూపులు, రికార్డుల మోతకి కింది అంతస్తువాళ్లు మండిపడటం, అదీ కథ. ఫ్రెడీ పాటలో షాంపేను తాగే సొగసుకత్తె. పక్క పాటలో అద్దెగది కుర్రాడు, ఆ గొంతులో గరుకు. ఈ రెండూ పక్కపక్కన వింటేనే బ్యాండ్ పూర్తి మనిషిలా కనబడుతుంది. పైగా ‘టెనెమెంట్ ఫన్‌స్టర్’ ఆగదు, విరామం లేకుండా ఫ్రెడీ రాసిన ‘ఫ్లిక్ ఆఫ్ ది రిస్ట్’లోకి, అక్కణ్ణుంచి ‘లిలీ ఆఫ్ ది వ్యాలీ’లోకి సాగిపోతుంది. ఆ మూడో పాటలో రై రాజు సింహాసనం పోగొట్టుకున్న కబురు వస్తుంది. మీకు తెలిసిన ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ లోకమే అది. ఆ వెంటనే ‘నౌ అయామ్ హియర్’. మీ డిస్కులో ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న మూడు పాటల మధ్య ఉన్న సంబంధం ఇక్కడ బయటపడుతుంది.

‘యు ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ డీకన్ తన భార్య కోసం రాసిన పాట, ఆ ఎలక్ట్రిక్ పియానో కూడా అతనే వాయించాడు. 1975 నాటి ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’లో దానికి సరిగ్గా ముందున్నది రోజర్ పాట ‘అయామ్ ఇన్ లవ్ విత్ మై కార్’. ఇదే ‘బొహీమియన్ రాప్సొడీ’ సింగిల్‌కు రెండో వైపు పాట. సింగిల్ అమ్ముడైనప్పుడల్లా రెండో వైపు రాసినవాడికీ మొదటి వైపు రాసినవాడితో సమానంగా రాయల్టీ వస్తుంది. ‘రాప్సొడీ’ బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది కాబట్టి రోజర్‌కు ఎంత ముట్టిందో ఊహించుకోవచ్చు. బ్యాండ్‌లో దాని మీద మనస్పర్థలు కూడా వచ్చాయి. ఆ పాట ఎలా ఉంటుందో మాత్రం హిట్స్ మాత్రమే వినేవాళ్లు ఎరగరు. భార్యకు రాసిన ప్రేమపాటకు ముందు కారు మీద అంతే నిజాయితీగా పాడిన ప్రేమపాట. గొంతు చించుకుని పాడతాడు, ఎక్కడా వేళాకోళం ఉండదు.

‘గుడ్ ఓల్డ్ ఫ్యాషన్డ్ లవర్ బాయ్’ తర్వాత, ‘ఎ డే ఎట్ ది రేసెస్’లో, ‘డ్రౌజ్’. రోజర్ పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మే గిటారు తీగల మీద జారుతూ ఉంటుంది, రోజర్ తన గొంతునే పైన ఒకటి, కింద ఒకటి పెట్టి పాడతాడు. ఏమీ తోచని మధ్యాహ్నాలు, కుర్రతనంలో పని లేని పూటలు. ఫ్రెడీ పాటలో టిప్పుటాపుగా తయారై షికారుకెళ్లిన మనిషి కనిపిస్తే, ఇందులో మంచం దిగబుద్ధి కానివాడు కనిపిస్తాడు. క్వీన్ అంటే ఆర్భాటమే అనుకునే స్నేహితులకు నేను ముందు వినిపించేది ఈ పాటే.

‘వి ఆర్ ది ఛాంపియన్స్’ ముగిసిన మరుక్షణం, ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’లో, ‘షీర్ హార్ట్ అటాక్’ వచ్చి పడుతుంది. 1974 ఆల్బమ్ పేరే ఇది, కానీ పాట మాత్రం ఈ 1977 ఆల్బమ్‌లో ఉంది. అప్పట్లోనే మొదలుపెట్టి పూర్తి కాక మూడేళ్లు ఆగిన పాట. బ్రిటన్‌లో పంక్ అనే వేగమైన, మోటు రాక్ ఉధృతంగా ఉన్న ఏడాది అది. గెలుపు పాట ముగిసీ ముగియగానే ఈ వేగం, ఈ అరుపు వినండి. ‘ఛాంపియన్స్’ గొప్పలు చెప్పుకునే పాటని చిరాకుపడేవాళ్లకు ఆ పాటను దాని సొంత చోట్లో వినమని చెబుతాను. అక్కడ అది ఆఖరి మాట కాదు.

‘డోంట్ స్టాప్ మీ నౌ’ తర్వాత, ‘జాజ్’ చివర్లో, ‘మోర్ ఆఫ్ దట్ జాజ్’. ఇందులో దాదాపు అన్ని వాద్యాలూ రోజర్‌వే, పాడిందీ అతనే. పాట ముగిసే ముందు అదే ఆల్బమ్‌లోని పాటల ముక్కలు ఒకదాని వెంట ఒకటి మెరిసి మాయమవుతాయి, ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’, ‘బైసికిల్ రేస్’ ముక్కలు కూడా. ‘డోంట్ స్టాప్ మీ నౌ’ ఉత్సాహం తర్వాత ఈ పాటలో ఉన్న విసుగు, నీరసం వింటే ఒళ్లు జలదరిస్తుంది.

‘ది గేమ్’ ఆల్బమ్‌లో అలాంటి రోజర్ పాటలు రెండున్నాయి. ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’తో మొదటి వైపు అయిపోతుంది, ఎల్పీ రికార్డు తిప్పితే రోజర్ ‘రాక్ ఇట్’. అదే వైపు చివర్న ‘సేవ్ మీ’, దాని ముందు రోజర్ ‘కమింగ్ సూన్’. ఈ రెండూ మామూలు పాటలే, పెద్దగా చెప్పుకోవలసినవి కావు. రోజర్ మీద ఎంత అభిమానం ఉన్నా ‘డ్రౌజ్’ పక్కన వాటిని కూర్చోబెట్టలేను.

రోజర్‌ను గురించి ఇంత చెప్పానని మిగతావాళ్లు పూర్తిగా దొరికారనుకోకండి. మే ఐదు పాటలతో ఉన్నాడు కానీ మే పాడిన మే లేడు. ‘39’ వినండి, ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’లో. జానపద బాణీలో గిటారు, నావికుల పాటలా ఉంటుంది. కథ మాత్రం అంతరిక్షానికి వెళ్లి తమకు ఏడాదే గడిచిందనుకుని తిరిగొచ్చేసరికి భూమ్మీద తరాలు మారిపోయినవాళ్లది. అదే ఆల్బమ్‌లో ‘ది ప్రాఫెట్స్ సాంగ్’ ఎనిమిది నిమిషాల పైచిలుకు. మధ్యలో వాద్యాలన్నీ ఆగి, ఫ్రెడీ గొంతు తన ప్రతిధ్వనితోనే వంతపాట పాడుకుంటుంది. ‘రాప్సొడీ’ ఒపేరా భాగం నచ్చినవాళ్లకు అది తప్పకుండా నచ్చుతుంది.

ఫ్రెడీకి పది పాటలున్నాయి, అయినా అతని ఒక రూపం పూర్తిగా బయట ఉండిపోయింది. 1974 నాటి ‘క్వీన్ 2’ ఎల్పీకి ఎ, బి వైపులు లేవు, తెల్ల వైపు, నల్ల వైపు ఉన్నాయి. నల్ల వైపంతా ఫ్రెడీ రాసినదే, ఒక పాట ఇంకోదానిలోకి ఒరిగిపోతూ సాగుతుంది. మీ డిస్కులో ఉన్న ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ ఆ వైపుకి ఆఖరి పాట. దాన్ని విడిగా వింటే హుషారైన చిన్న రాక్ పాట. ‘ది మార్చ్ ఆఫ్ ది బ్లాక్ క్వీన్’ అంతా దాటుకుని వచ్చి వింటే తుపాను తర్వాత ఒడ్డు చేరిన పాట.

మనవాళ్లకు దీనిలో ఒక చిక్కుంది. మనకు పాట అంటే విడి పాట. సినిమాలోంచి బయటికొచ్చి రేడియోలో, కేసెట్‌లో తనంతట తను బతికే పాట. హిట్స్ కేసెట్లో ఏ పాట తర్వాత ఏది రావాలో కంపెనీవాళ్లు పెట్టుకునేవాళ్లు, మనకు దాని పట్టింపు లేదు. అందుకే ‘గ్రేటెస్ట్ హిట్స్’ మనకు మొదటిసారే చుట్టంలా అనిపిస్తుంది. డెబ్బైల నాటి రాక్ బ్యాండ్లు అలా పని చెయ్యలేదు. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాలు, ఆ ఇరవై నిమిషాల్లో ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ విరామం, ఎక్కడ కలిపెయ్యాలి, ఇదంతా పాట కట్టడంలో భాగమే. కాబట్టి ఆల్బమ్ వినేటప్పుడు ఫోన్‌లో షఫుల్ ఆపెయ్యండి, కనీసం ఒక వైపు పూర్తయ్యేదాకా పాట దాటించకండి. రెండు మూడు రోజుల్లో చెవి అలవాటు పడుతుంది.

ఏ ప్రతి కొనాలన్నది ఇప్పుడు చూద్దాం. ఇక్కడ జాగ్రత్త అవసరం, ఒకే పేరుతో వేరువేరు డిస్కులున్నాయి. కొనవలసింది 17 పాటల బ్రిటన్ ప్రతి. అట్ట మీద లార్డ్ స్నోడన్ తీసిన నలుగురి ఫొటో ఉంటుంది. 1981లోనే అమెరికాలో వచ్చినదానిలో 14 పాటలే. అది ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’తో మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది ఆ పాటే, ‘క్రేజీ లిటిల్ థింగ్’తో పాటు. గాయకుడు డేవిడ్ బోవీతో కలిసి పాడిన ‘అండర్ ప్రెషర్’, తొలి సింగిల్ ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’ అందులో ఉన్నాయి, అది దాని లాభం. ‘డోంట్ స్టాప్ మీ నౌ’ లేదు, అది నష్టం. 1992లో అమెరికాలో ఎర్ర అట్టతో ఇంకో ‘గ్రేటెస్ట్ హిట్స్’ వచ్చింది. దానిలో ‘బొహీమియన్ రాప్సొడీ’యే ఉండదు, ఆ పాటను అదే ఏడాది వేసిన ‘క్లాసిక్ క్వీన్’లో పెట్టారు. పాత డిస్కులు అమ్మేచోట ఇది తరచూ కనిపిస్తుంది, వెనక్కి తిప్పి పాటల జాబితా చూశాకే డబ్బివ్వండి. 2023లో యోటో అనే పిల్లల ఆడియో ప్లేయర్ కోసం వచ్చినదానిలో ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’ తీసేశారు.

ఎల్పీ కొనాలనుకుంటే ఇంకో మాట. 17 పాటలు కలిపి గంటకు కొద్దిగా తక్కువ. దాన్ని ఒకే ఎల్పీలో ఇరికిస్తే ఒక్కో వైపు అరగంటకు దగ్గరవుతుంది. వైపు నిడివి పెరిగేకొద్దీ గాడులు దగ్గరగా, లోతు తక్కువగా కొయ్యాలి, శబ్దం సన్నబడుతుంది, బేస్ పలచనవుతుంది. డీకన్ బేస్ కోసమైనా పాత ఒంటి ఎల్పీ కంటే రెండు ఎల్పీల్లో వచ్చిన కొత్త ముద్రణ మేలు. ఇంకొకటి, ఇందులో ఉన్న ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’ సింగిల్ కోసం కత్తిరించినది. ‘జాజ్’లో ఉన్న అసలు పాట దీనికంటే దాదాపు నిమిషం పెద్దది, చివర్న వాద్యాలు ఊపందుకునే భాగం అక్కడే దొరుకుతుంది.

అమ్మకాల సంగతి మీరు అడగలేదు కానీ ‘ఇది జనం డిస్కు’ అనేవాళ్ల వాదన అర్థం కావాలంటే తెలియాలి. బ్రిటన్‌లో ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇదే. అక్కడ 60 లక్షలు దాటిన మొదటి ఆల్బమ్ 2014లో ఇదే, స్ట్రీమింగ్ లెక్క కూడా కలిపి 2022లో 70 లక్షలు దాటింది.

2004లో ఇరాన్‌లో కూడా ఇది కేసెట్‌గా అధికారికంగా విడుదలైంది. అక్కడ అలా అనుమతి దొరికిన మొదటి రాక్ ఆల్బమ్‌గా వార్తల్లోకి వచ్చింది. కొన్ని ప్రేమపాటలు తీసేసి, పాటల అనువాదాలు, వివరణలు జతచేశారు. ఫ్రెడీ పార్సీ ఇంటివాడు. అసలు పేరు ఫరోఖ్ బల్సారా, ఇంటిపేరు గుజరాత్‌లోని బల్సార్ నుంచి, అదే ఇప్పటి వల్సాడ్. పుట్టింది జాంజిబార్‌లో, బడి చదువు మహారాష్ట్ర పాంచ్‌గనిలో, మొదటి బ్యాండ్‌లో పియానో వాయించిందీ అక్కడే. పర్షియా నుంచి గుజరాత్ తీరానికి వలస వచ్చినవాళ్ల వారసుడి గొంతు పూర్వీకుల నేల మీద అనుమతి పొందిన తొలి రాక్ గొంతు కావడం నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

వినే వరస ఇలా పెట్టుకోండి. ముందు ‘షీర్ హార్ట్ అటాక్’ ఆల్బమ్. మీకు తెలిసిన రెండు హిట్లు అందులో ఉన్నాయి కాబట్టి కొత్తచోటిలా ఉండదు, రోజర్ కూడా మూడో పాటలోనే పరిచయమవుతాడు. తర్వాత ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’, ఆ పైన ‘ఎ డే ఎట్ ది రేసెస్’. ‘క్వీన్ 2’ను వీటి తర్వాతే పట్టుకోండి, మొదటే పెట్టుకుంటే బరువనిపించవచ్చు. ‘జాజ్’, ‘ది గేమ్’ ఏ క్రమంలోనైనా సరే.

1991 అక్టోబరులో, ఫ్రెడీ చనిపోవడానికి నెల ముందు వచ్చిన ‘గ్రేటెస్ట్ హిట్స్ 2’ కూడా తీసుకోండి. దానిలో మొదటి పాట ‘ఎ కైండ్ ఆఫ్ మ్యాజిక్’, మూడోది ‘రేడియో గా గా’. రెండూ రోజర్ రాసినవే. 1999 నాటి మూడో భాగంలో విడివిడిగా చేసిన పాటలు, ఇతరులతో కలిసి పాడినవి చాలా కలిపారు, దాన్ని ఇప్పుడు కొనక్కర్లేదు.